కుప్ప మీద వెలుగు: ఆయిల్ పేస్టల్, ఇంప్రెషనిజం, మన చూపు

ప్రకృతి దృశ్యాలు గీయడం తీరికున్న వర్గాల వ్యాపకమనే అభిప్రాయం మన సాహిత్య మిత్రుల్లో బలంగానే వుంది. మనిషినీ, మనిషి శ్రమనీ గీయవలసిన చెయ్యి చెరువుగట్టునీ తాటిచెట్టునీ గీస్తూ కూచుంటే అది పలాయనమేనని వాళ్ల వాదన. ఈ వాదనకు చరిత్రలో కొంత ఆధారం లేకపోలేదు. దాని సంగతి ఈ వ్యాసంలోనే తర్వాత చూద్దాం. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి వుంది. తాటిచెట్టు మీద పడే వెలుతురును చూడలేని కన్ను, ఆ చెట్టు నీడన కూచున్న కూలిమనిషిని మాత్రం సరిగా చూస్తుందని నమ్మకమేమిటి? చూడటం పుట్టుకతో వచ్చే శక్తి కాదు, నేర్చుకోవలసిన పని. చాలా సందర్భాల్లో, అంతకుముందు నేర్చుకున్నదాన్ని వదిలించుకోవలసిన పని కూడా.

నేను తెలుగు చెప్పే పంతుల్ని, చిత్రకారుణ్ణి కాను. అనంతపురం జిల్లాలో పెన్నకు దగ్గరగా వున్న ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. డ్రాయింగు మాస్టరు లేని బడిలో ఆ పీరియడ్లు తెలుగు పంతులికి దఖలు పడటం మామూలే. అలా కొన్నేళ్లుగా పిల్లల చేతుల్లో చూస్తూ, నేనూ గీస్తూ తెలుసుకున్న ఒక సాధనం గురించి, దానితో ఇంప్రెషనిస్టుల పద్ధతిలో దృశ్యం గీయడం గురించి ఇక్కడ చెబుతాను. రచయితల పత్రికలో దీని ప్రసక్తి దేనికన్నది చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

'మీకు నచ్చిన దృశ్యం గీయండి' అంటే మా పిల్లల్లో దాదాపు అందరూ గీసేది ఒకటే బొమ్మ. రెండు కొండలు, వాటి సందులోంచి సగం సూర్యుడు, సూర్యుడి చుట్టూ స్కేలు పెట్టి గీసినట్టు కిరణాలు, కొండల మధ్యనుంచి వంకర్లు తిరుగుతూ వచ్చే నీలం రంగు ఏరు, ఏటి పక్కన గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పక్షులు. మా చుట్టుపక్కల పల్లెల్లో కొబ్బరిచెట్టు కనపడటమే అరుదు. ఏరంటే మాకు పెన్న. ఏడాదిలో ఎన్నో నెలలు అందులో పారేది ఇసుకే. వేరుశనగ చేనునీ, కంది సాళ్లనీ, ఎర్రనేలనీ, తుమ్మచెట్టునీ, బండలు పేర్చినట్టుండే గుట్టనీ రోజూ చూసే పిల్లవాడు వాటిలో ఒక్కటీ గీయడు. 'దృశ్యం' అంటే ఇదీ అని ఎవరో వాడికి ముందే చెప్పిపెట్టారు. తన కళ్లెదుట వున్నది దృశ్యం కాదని కూడా, చెప్పకుండానే, చెప్పారు.

దీన్ని చూసి నవ్వే హక్కు మనకు లేదు. ప్రబంధకవికి అష్టాదశ వర్ణనలు ఉండేవి. నగరం, సముద్రం, పర్వతం, ఋతువు, సూర్యోదయం, చంద్రోదయం అంటూ పద్ధెనిమిదీ తేవాలి. సముద్రం మొహం చూడని కవికి కూడా సముద్రవర్ణన తప్పదు. భావకవిత్వం ఆ జాబితాను చింపేసి ఇంకో జాబితా తెచ్చింది. మరి మనం? మన అభ్యుదయ కవిత్వంలో వేల ఉదయాలు ఉన్నాయి. వాటిలో ఎర్రగా కాక మరో రంగులో వున్నవి ఎన్నో లెక్కపెట్టి చూడండి. ఎరుపు వెనక వున్న చరిత్రను నేను తక్కువ చేయడం లేదు. కాని ఒక్కసారయినా తెల్లవారుజామున లేచి తూర్పుకు మొహం పెట్టి నిలబడి ఎంచుకున్న ఎరుపు వేరు, పక్కవాడి కవితలోంచి ఎత్తుకొచ్చిన ఎరుపు వేరు. రెండోది మా పిల్లల కొబ్బరిచెట్టే. పెన్నను పెన్నగా, దాని ఎండిన ఒడ్డున బతికే మనుషులతో సహా చూసిన కావ్యం 1956లో విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'గా మనకు వచ్చింది. అలాంటివి ఎన్ని వున్నాయన్నదే ప్రశ్న.

పందొమ్మిదో శతాబ్దం ఫ్రాన్సులో చిత్రకళ సరిగ్గా ఇలాంటి కొబ్బరిచెట్ల దశలోనే వుండేది. ప్రభుత్వ ఆశీస్సులతో జరిగే సలోన్ ప్రదర్శనలో పురాణ ఘట్టాలకూ, చారిత్రక ఘట్టాలకూ అగ్రతాంబూలం. దృశ్యచిత్రానికి కింది వరస. చెట్టు గోధుమరంగులో వుండాలి, నీడ నల్లగా వుండాలి, కుంచె జాడ కనపడకూడదు. ఈ మర్యాదలు కుదరని కొందరు చిత్రకారులు 1874 ఏప్రిల్ 15న ప్యారిస్‌లో, నాదార్ అనే ఫోటోగ్రాఫర్ ఒకప్పుడు స్టూడియోగా వాడిన గదుల్లో, తమ ఖర్చుతో తామే ఒక ప్రదర్శన పెట్టుకున్నారు. మోనే, పిస్సారో, రెన్వా, సిస్లే, దెగా, సెజాన్, బెర్త్ మోరిసో వాళ్లలో ముఖ్యులు. లూయీ లెరువా అనే విలేఖరి ఒక హాస్యపత్రికలో వాళ్లను ఎగతాళి చేస్తూ, మోనే చిత్రం పేరులోని 'ఇంప్రెషన్' అనే మాట పట్టుకుని ఆ ముఠాకంతటికీ తగిలించాడు. తిట్టుగా పుట్టిన మాట బిరుదై నిలిచింది. ఆ మాటను తెలుగు చేయడం కష్టం కాదు గాని, ఏ అనువాదంలోనూ ఆ వెటకారం మిగలదు. అందుకని ఇంప్రెషనిజం అనే వాడుతున్నాను.

ఆ మోనే చిత్రం, 'ఇంప్రెషన్, సూర్యోదయం', 1872 నాటిది. అది కొండల మధ్య ఉదయం కాదు, ల హావ్ర్ రేవు ఉదయం. పొగమంచు వెనక ఓడల కొయ్యలు, క్రేన్లు, పొగగొట్టాలు. నీళ్ల మీద రెండు మూడు పడవల నీడలు. బూడిద కలిసిన నీలంలో ఒక నారింజరంగు బిళ్ల, అదే సూర్యుడు. ఈ చిత్రానికి నలుపు తెలుపు ఫోటో తీసి చూస్తే సూర్యుడు దాదాపు మాయమైపోతాడు. అంటే ఆ నారింజకీ, చుట్టూ వున్న నీలిబూడిదకీ రంగులో భేదమే గాని వెలుతురులో భేదం లేదు. మన కంటి వెనక వెలుతురును గుర్తించే ఏర్పాటు, రంగును గుర్తించే ఏర్పాటు వేరువేరుగా పనిచేస్తాయనీ, ఆ సూర్యుడు అదురుతున్నట్టు అనిపించడానికి కారణం అదేననీ మార్గరెట్ లివింగ్‌స్టన్ అనే నాడీశాస్త్రవేత్త వివరించింది. మోనేకి ఈ శాస్త్రం తెలియదు. అతను చూశాడు, అంతే. సూర్యుణ్ణి అన్నిటికన్నా తెల్లగా, మెరిసేట్టు గీయాలన్న పాఠాన్ని పక్కన పెట్టి, పొగమంచులో సూర్యుడు ఎంత కాంతిగా వుంటాడో అంతే గీశాడు.

ఈ చూపు ఆకాశంలోంచి ఊడిపడలేదు. దాని వెనక గట్టి భౌతిక పరిస్థితులు ఉన్నాయి. అంతకుముందు తైలవర్ణాన్ని చిత్రకారుడి గదిలో నూరుకుని పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి వుంచేవాళ్లు. ఒకసారి పొడిస్తే మళ్లీ సరిగా మూత పడదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. రంగుల పెట్టె భుజాన వేసుకుని పొలాల్లోకి పోవడం దాంతో సులువయింది. పోవడానికి రైలు వుంది. ప్యారిస్ సేంట్ లజార్ స్టేషన్లో ఎక్కితే సెన్ నది ఒడ్డునున్న అర్జాంతేయ్‌కి కొద్ది నిమిషాలు. 1871 చివరినుంచి 1878 వరకు మోనే ఉన్నది అక్కడే. రంగులు కూడా కొత్తవి. పూర్వం లాజవర్ద రాయిని నూరి తీసే అల్ట్రామెరీన్ నీలం బంగారంతో తూగేది. 1820లలో గిమే అనే ఫ్రెంచి రసాయనికుడు దాన్ని కర్మాగారంలో తయారుచేసే దారి కనిపెట్టాక నీలం చౌకయింది. మన ఇళ్లలో తెల్లబట్టలకు నీలం పెట్టడానికి వాడుతూ వచ్చిన పొడి ఈ జాతిదే. రసాయన పరిశ్రమ, రైలు, తగరపు గొట్టం లేకుండా ఇంప్రెషనిజం లేదు. కళకు పునాది గురించి మాట్లాడే మనం ఈ ఉదాహరణను ఎందుకు వాడుకోమో నాకు ఆశ్చర్యం.

ఇంకో మూలం అద్దకం పని. గోబెలాన్ నేతశాలలో రంగుల విభాగానికి షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతి. అక్కడి నల్లదారం నల్లగా లేదని ఫిర్యాదు వస్తే అతను పరీక్షించి, తప్పు రంగుది కాదనీ, పక్కన పడిన దారం రంగుదనీ తేల్చాడు. ఏ రంగూ ఒంటరిగా కనపడదు, పక్కనున్న రంగు దాన్ని తనకు ఎదురు దిక్కుకు నెడుతుంది. ఈ సూత్రం మీద 1839లో పెద్ద గ్రంథం వేశాడు. ధర్మవరం నేతగాడికి ఇది కొత్త సంగతి కాదు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి అతను నేసిన నెమలికంఠం చీరలో నెమలికంఠం రంగు దారం ఒక్కటీ వుండదు. అది మన కంట్లో తయారవుతుంది. ఇంప్రెషనిస్టులు చేసిందీ ఇలాంటిదే. రంగుల్ని పూర్తిగా కలిపేసి పూయకుండా, ముక్కలు ముక్కలుగా పక్కపక్కన పెట్టారు.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి. ఇంప్రెషనిస్టులు రంగుల్ని కలపనే కలపరు, అన్నీ చూసేవాడి కంట్లోనే కలుస్తాయి అని పాఠ్యపుస్తకాల్లో వుంటుంది. అది అతిశయోక్తి. మోనే పలక మీద రంగులు బాగానే కలిపాడు. చుక్కలు చుక్కలుగా పెట్టి కంట్లోనే కలిసేట్టు చేయడాన్ని ఒక సిద్ధాంతం చేసినవాడు సెరా. 1886లో జరిగిన ఎనిమిదో ప్రదర్శన, అంటే ఆఖరి ప్రదర్శనలో అది జనం కంట పడింది. మోనే, పిస్సారోల అసలు విజయం నీడలో వుంది. నీడ నల్లగా వుండదని, ఆ నీడ మీద కూడా ఆకాశం వెలుతురు పడుతుందని, పసుపు ఎండ పక్కన నీడ ఊదాగానో నీలంగానో కనిపిస్తుందని వాళ్లు చూశారు. చలికాలం పొద్దున తొమ్మిది గంటలకు సున్నం కొట్టిన గోడ మీద పడిన వేపచెట్టు నీడను చూడండి. బూడిదరంగు అని నోటికి వస్తుంది. ఆ మాటను ఆపి, ఇంకో క్షణం చూడండి.

ఇక సాధనం. ఆయిల్ పేస్టల్ ఇంప్రెషనిస్టుల కాలంలో లేదు. దెగా అద్భుతంగా వాడిన పేస్టల్ పొడిసుద్దలాంటిది, ఊదితే రాలుతుంది. ఆయిల్ పేస్టల్ దానికి చెల్లెలు కూడా కాదు, పేరులో చుట్టరికం, అంతే. రంగుపొడిని ఆరిపోని నూనెతోను మైనంతోను కలిపి పోతపోసిన కడ్డీ అది. అది పుట్టిన కథ పంతుళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది.

జపానులో కనాయె యమమోతో (1882–1946) అనే చెక్క అచ్చుల చిత్రకారుడు ఉండేవాడు. కొన్నేళ్లు ఫ్రాన్సులో వుండి, యుద్ధం మధ్యలో రష్యా మీదుగా తిరిగి వస్తూ 1916లో మాస్కోలో ఆగాడు. అక్కడ పిల్లల బొమ్మల్నీ, రైతుల చేతి కళల్నీ చూశాడు. అప్పటికి జపాను బడుల్లో చిత్రలేఖనమంటే ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకంలో బొమ్మను మక్కికి మక్కి దించడం. యమమోతో దీన్ని ఎదిరించాడు. పిల్లవాడు తన కళ్లతో చూసిందే గీయాలన్నాడు. 1919లో నగానో ప్రాంతంలోని ఒక పల్లె బడిలో మొదటి 'స్వేచ్ఛాచిత్ర' ప్రదర్శన పెట్టించాడు. చలికాలంలో పనిలేని రైతులకు కళావస్తువులు చేయడం నేర్పే ఉద్యమం కూడా అతనిదే. పిల్లల చేతికి తగిన రంగు ఏదీ అన్న ప్రశ్న అక్కడినుంచి వచ్చింది. అప్పటి క్రేయాన్ గట్టిగా, పాలిపోయినట్టు వుంటుంది. పేస్టల్ చెయ్యంతా పొడి. ఈ రెండింటి మధ్య దారిగా సాకురా అనే కంపెనీ 1925లో క్రేయాన్, పేస్టల్ పేర్లు రెండూ కలిపి 'క్రేపాస్' అని ఒక కొత్త కడ్డీ తెచ్చింది. మొదట్లో అది ఎండాకాలం కరిగిపోయేది, చలికాలం గట్టిపడేది. అందుకని కాలానికో రకం చేశారు. ఆ తర్వాత మెరుగుపరిచారు. ఇటు రాజమండ్రిలో గోదావరిని గీసిన దామెర్ల రామారావు చనిపోయింది కూడా 1925లోనే. ఆ పెట్టె ఆయన చేతికి అందివుంటే అన్న ఊహ అప్పుడప్పుడు వస్తుంది, వచ్చి పోతుంది. 1949లో ఫ్రాన్సులో సెనెలియే అనే రంగుల కంపెనీ, ఆన్రీ గెట్జ్ అనే చిత్రకారుడు పికాసో కోసం అడగగా, పెద్ద చిత్రకారులకు తగిన మెత్తటి ఆయిల్ పేస్టల్ తయారుచేసింది. పిల్లల సాధనం పెద్దలకు పోయిన సందర్భాలు తక్కువ, ఇది వాటిలో ఒకటి.

మన బజారులో దొరికేవి పన్నెండు, పాతిక, యాభై రంగుల పెట్టెలు. మైనం పాలు ఎక్కువ, రంగు పాలు తక్కువ. కొన్ని రంగులు ఎండ తగిలితే వెలిసిపోతాయి. అయినా నేర్చుకోవడానికి ఇవి చాలు. ఇంప్రెషనిస్టు పద్ధతికి ఈ కడ్డీ ఎందుకు నప్పుతుందంటే, దీనికి సన్నటి మొన వుండదు. ఆకుకు ఈనెలు గీద్దామన్నా గీయలేరు. వివరాలు వదిలేసి ముద్దగా, రంగుగా చూడక తప్పదు. దానికి తోడు ఇది ట్యూబులో రంగులా కలవదు, ఒకదాని పక్కన ఒకటి నిలబడుతుంది. ముదురు మీద లేత వేసినా నిలుస్తుంది, నీటిరంగుల్లో ఇది సాధ్యం కాదు.

చెరువు కింద మడుల్లో సాయంత్రం వేళ ఒక వరికుప్పను గీస్తున్నామనుకుందాం. కాగితం తెల్లగా లేకపోతేనే మేలు. పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం గరుకు వైపు చాలు. దాని రంగు గీతల సందుల్లోంచి కనపడుతూ బొమ్మనంతా ఒకటిగా పట్టి వుంచుతుంది. తర్వాత పెట్టెలోంచి నలుపు కడ్డీ తీసి జేబులో వేసుకోండి. అది చేతికి అందితే నీడ దగ్గర తప్పకుండా వాడతారు. కడ్డీ చుట్టూ వున్న కాగితం చింపి, రెండంగుళాల ముక్కగా విరిచి, అడ్డంగా పట్టుకుని మొదట పెద్ద ముద్దలు మాత్రం వేయాలి. కుప్ప నీడవైపు ఒక ముద్ద, ఎండవైపు ఒక ముద్ద, నేల మీది నీడ, మడి, దూరంగా చెట్ల వరస, ఆకాశం. చెయ్యి బరువు పెట్టకూడదు. ఈ దశలో కాగితం సగానికి సగం కనపడుతూ వుండాలి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి ఈ ముద్దలే మిగులుతాయి. ఇది పాత చిట్కా, ఇంతకన్నా మంచిది ఇంకా దొరకలేదు.

నీడవైపు నీలం వేశాక దాని మీద ఊదా, అక్కడక్కడ ఇటుక ఎరుపు. కుప్ప అడుగున, నేలనుంచి ఎండ ఎగజిమ్మే చోట, నీడలో కూడా ఒక వెచ్చటి నారింజ ఛాయ వుంటుంది. దాన్ని చూడగలిగితే కుప్ప గుండ్రంగా లేచి నిలబడుతుంది. ఎండవైపు జేగురు, నారింజ, కొంచెం గులాబి. లేత పసుపును చివరిదాకా దాచుకుని, ఎండ నేరుగా తగిలే అంచు మీద మాత్రం గట్టిగా నొక్కి వేయాలి. అన్నిచోట్లా పసుపు వేస్తే ఎండ ఎక్కడా వుండదు. గీతల దిశ కూడా మాట్లాడుతుంది. కుప్ప మీద గడ్డి జారిన వాలులో, మడిలో అడ్డంగా, ఆకాశంలో పొట్టిగా ఏటవాలుగా. ఒక రంగునుంచి ఇంకో రంగుకు పోయేటప్పుడు కడ్డీ మొనను గుడ్డతో తుడవకపోతే పసుపు కాస్తా పాచిరంగవుతుంది.

పిల్లలూ పెద్దలూ అందరూ చేసే పని వేలితో రుద్దడం. రుద్దితే నున్నగా వస్తుంది, క్యాలెండరు బొమ్మలా వుంటుంది, చూసినవాళ్లు బాగుందంటారు. కాని ఇంత కష్టపడి పక్కపక్కన నిలబెట్టిన నీలం, నారింజ కలిసి బురదయిపోతాయి. దూరపు చెట్ల వరస దగ్గర కొంచెం రుద్దితే పొగమంచు వస్తుంది, అక్కడితో సరి. నాలుగైదు పొరలు పడ్డాక కాగితం గరుకు నిండిపోయి కడ్డీ జారుతుంది. అక్కడ బ్లేడు మొనతో గీకితే కిందిరంగు బయటపడుతుంది. గడ్డిపోచల్ని గీయడం కన్నా ఇలా గీకి తీయడమే నయం. గుడ్డకు టర్పెంటైను అద్ది మొదటి పొరను పలచగా పూసుకునే పద్ధతి కూడా వుంది. అయితే ఆయిల్ పేస్టల్ ఎప్పటికీ పూర్తిగా ఆరదు. మా జిల్లా మేనెల ఎండకు పెట్టెలోనే మెత్తబడుతుంది. గీసిన బొమ్మ మీద బటరు పేపరు కప్పి, బల్లపరుపుగా నీడపట్టున పెట్టుకోవాలి.

అన్నిటికన్నా కష్టం కాలం. ఆ వెలుగు ఇరవై నిమిషాలు కూడా వుండదు. నీడ జరుగుతుంది, నారింజ గులాబీ అవుతుంది, గులాబీ బూడిదవుతుంది. మోనే దీనికి చేసిన ఉపాయం అందరికీ తెలిసిందే. అనేక కాన్వాసులు వెంట పెట్టుకుని, వెలుతురు మారగానే ఒకటి పక్కన పెట్టి ఇంకొకటి తీసేవాడు. తర్వాత ఇంట్లో కూచుని వాటిని మళ్లీ మళ్లీ దిద్దాడు కూడా. అక్కడికక్కడే పూర్తిచేశాడన్నది సగం కట్టుకథ. 1890, 91ల్లో జివెర్నీలో తన ఇంటి దగ్గరి పొలంలో ఇలా గీసినవి దాదాపు పాతిక చిత్రాలు ఉన్నాయి. ఇంగ్లీషులో వాటిని గడ్డివాములంటారు. మన వ్యాసాల్లో కూడా అలాగే రాస్తున్నారు. అది తప్పు. మన రైతుకు కుప్ప వేరు, వామి వేరు. కోసిన పనల్ని గింజతో సహా వేసేది కుప్ప. నూర్చాక మిగిలిన గడ్డిని పేర్చేది వామి. మోనే గీసినవి గోధుమ కుప్పలు. నూర్పిడి యంత్రం ఆ ఊరికి వచ్చేదాకా గింజ తడవకుండా వాటి మీద కప్పు వేసేవాళ్లు. అంటే అవి ఒక రైతు ఏడాది సంపద. ఈ తేడా మాటల తేడా మాత్రమే కాదు. వామి అయితే అది వెలుగు ఆడుకునే ఒక ఆకారం. కుప్ప అయితే వెంటనే ప్రశ్న పుడుతుంది: ఎవరి కుప్ప? ఎవరు కోశారు, ఎవరు మోశారు?

మోనే చిత్రాల్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు. పాతిక చిత్రాల్లోనూ కోతమనిషి కనపడడు. మంచు, ఎండ, పొద్దు, కుప్ప. 1891లో వాటిలో పదిహేను ప్యారిస్‌లో ప్రదర్శిస్తే కొద్ది రోజుల్లో అమ్ముడయ్యాయి. 2019 మేలో న్యూయార్క్ వేలంలో ఒక్కటి పదకొండు కోట్ల డాలర్లకు పైగా పలికింది. దాంట్లో ఆ గోధుమ పండించినవాళ్ల ప్రసక్తి లేదని వేరే చెప్పాలా?

మొదట వాయిదా వేసిన వాదన ఇక్కడ తిరిగి వస్తుంది. ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనకు మూడేళ్ల ముందు, 1871 మేలో, ప్యారిస్ కమ్యూన్‌ను నెత్తుట ముంచారు. వేలమంది శ్రామికుల్ని వీధుల్లో కాల్చిచంపారు. ఆ సమయంలో మోనే, పిస్సారో లండన్‌లో ఉన్నారు. కమ్యూన్‌లో పాల్గొన్న కూర్బే జైలుకు పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఈ ఎండ, ఈ పూలు, ఈ పడవలు ఆ గాయం మీద కప్పిన దుప్పటి అని ఆల్బర్ట్ బోయిమ్ 1995లో ఒక పుస్తకమే రాశాడు. అంతకు పదేళ్ల ముందు టి.జె. క్లార్క్, అర్జాంతేయ్‌లో ఫ్యాక్టరీలూ విహారపు పడవలూ ఒకే నదిని పంచుకుంటుంటే ఈ చిత్రకారులు వాటిలో దేన్ని ఎంతవరకు కనపడనిచ్చారో పరిశీలించాడు. ఇవి తేలిగ్గా తోసేయగల వాదనలు కావు.

కాని వీటినుంచి 'కాబట్టి దృశ్యచిత్రం పలాయనం' అన్న తీర్మానానికి దూకడం తొందరపాటు. అదే గుంపులో పిస్సారో ఉన్నాడు. ఎనిమిది ప్రదర్శనల్లోనూ పాల్గొన్నవాడు అతనొక్కడే. యుద్ధంలో అతని ఇంట్లో దిగిన ప్రష్యన్ సైనికుల చేతిలో అతని చిత్రాలు చాలా నాశనమయ్యాయి. అరాచకవాద రాజకీయాల్ని నమ్మినవాడు. అతని పొలాల్లో క్యాబేజీ మడులుంటాయి, వాటిలో వంగి పనిచేసే ఆడవాళ్లుంటారు. వాళ్ల మీద పడేది కూడా మోనే కుప్ప మీద పడ్డ ఎండే. ఊదా నీడ, విరిగిన రంగు, అంతా అదే పద్ధతి. మోనే కూడా ఒక్కసారి, 1875లో, సెన్ నది మీద బొగ్గు దింపే కూలీలను గీశాడు. పడవలనుంచి ఒడ్డుకు వేసిన సన్నటి పలకల మీద, తలల మీద గంపలతో వరసగా నడిచే నల్లటి మనుషులు. మొహాలు లేవు. పైన వంతెన మీద తీరిగ్గా పోయే జనం. అతని చిత్రాల్లో అలాంటిది దాదాపు మరొకటి లేదు. చూపు వుండి వాడకపోవడం వేరు, చూపే లేకపోవడం వేరు. మొదటిదాన్ని విమర్శించవచ్చు. రెండోదానికి విమర్శ కూడా దండగ.

మన కథకుల సమస్య ఎక్కువగా రెండోది. పేజీకి రెండుచోట్ల 'మిట్టమధ్యాహ్నపు ఎండ నిప్పులు చెరుగుతోంది', 'చిమ్మచీకటి కమ్ముకుంది' అని రాసి ముందుకు పోతాం. ఆ ఎండ ఏ నేల మీద పడిందో, ఎర్రనేల మీద పడ్డ ఎండ మనిషి గడ్డం కింద ఏ రంగు ఎగజిమ్ముతుందో రాయం. విశేషణం వస్తువుకు అతికించిన చీటీ కాదు. షెవ్రెల్ దారం లాగే, పక్కనున్న వస్తువుతో దానికున్న సంబంధంలోంచి పుట్టాలి. చూరు కింద ఎదురుచూసే అప్పులవాడి తెల్లచొక్కా, ఎండలోంచి ఇంటికొచ్చిన రైతు కంటికి ఏ రంగులో కనపడుతుంది? తెలుపు అని రాసేస్తే కథకుడు చూడలేదన్నమాట.

ఆయిల్ పేస్టల్‌తో దృశ్యంలో మనుషుల్ని గీయడం గురించి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ కడ్డీతో మొహం రాదు. కన్నూ ముక్కూ గీయబోతే బొమ్మ పాడవుతుంది. వేరుశనగ పీకే ఆడవాళ్లను గీయాలంటే మిగిలేది వంగిన నడుము, కొంగు రంగు, నేలకూ చేతికీ మధ్య దూరం. ఎండకు వెలిసిన చీరలకు గులాబి, నీలం నేరుగా వేయకూడదు. కింద జేగురు వేసి దాని మీద తేలిగ్గా తాకించాలి. వీపు ఒక్క గీత. అది ఎంత వంగిందో సరిగా పడితే ఆమె పొద్దున్నుంచీ వున్నదో ఇప్పుడే దిగిందో తెలిసిపోతుంది. మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆ గీతను ఊదారంగుతో వేసింది. ఎందుకు అంటే, 'మాయమ్మ వంగినప్పుడు ఈపు మీద ఎండ, పొట్ట కింద నీడ సార్. నీడకాడినుంచి మొదులుపెట్టినా' అంది. వాళ్లు మన కోసం అలాగే వంగి నిలబడరు. సాలు పీకడం అయిపోగానే లేచి పక్క సాలుకు పోతారు. ఆలోగానే గీత పడాలి.